నీళ్ళు లేవని ముందే చెప్పిన మనిషి

డీజిల్ పొగ వాసన తగిలితే నాకు వసుంధర గారు గుర్తుకొస్తారు. ఒక నీటిపారుదల ఇంజనీరును తలుచుకోవడానికి ఇది తగిన వాసన కాదు. తడి మట్టి వాసనో, ఈనుతున్న వరి వాసనో అయితే బాగుండేది. మొన్న విడవలూరు వైపు పోతూ కాలువ కట్ట మీద టీ కొట్టు దగ్గర ఆగాను. కట్ట పొడవునా ఆయిల్ ఇంజన్లు వరసగా కొట్టుకుంటున్నాయి. పైపులన్నీ కాలువలోకి మూతులు పెట్టి ఉన్నాయి. కాలువలో నీళ్ళు మోకాటి లోతు కూడా లేవు. టీ గ్లాసు మీద సన్నటి మసి తెట్టె కట్టింది. అంతలో మైకు కట్టిన ఆటో ఒకటి పక్కనుంచి పోయింది. "ఒక్క ఎకరా కూడా ఎండనివ్వం. రైతు సోదరులు నిశ్చింతగా నాట్లు వేసుకోవచ్చు." నేను టీ పారబోశాను. అదే మాట, అప్పుడు విన్న మాటే. చెప్పే గొంతు మారింది, అంతే.

నెల్లూరులో ఒక దినపత్రికకు కొత్తగా విలేకరిగా చేరిన రోజుల్లో, సాయంత్రాలు కాలువల ఆఫీసుకు పోయి పైనున్న జలాశయంలో నీటి నిల్వ ఎంతో రాసుకుని రావడం నా పని. వసుంధర గారు ఆ ఆఫీసుకు పెద్ద ఇంజనీరు. పొట్టి మనిషి, నల్లటి మనిషి, నవ్వు తక్కువ. కోపం వస్తే మాట పెరిగేది కాదు, తగ్గేది. ఆ ఏడు కార్తీకం సగం గడిచినా ముసురు పట్టలేదు. మా జిల్లాకు వాయుగుండమంటే భయమూ అదే, బతుకూ అదే. అది పడితే గుడిసెలు లేస్తాయి, పడకపోతే చెరువులు నిండవు. ఆ ఏడు సముద్రం గాజుపలకలా ఉండిపోయింది. జలాశయంలో నీళ్ళు రోజూ కొంచెం కొంచెం దిగుతున్నాయి. నేను రోజూ ఆ దిగుడును రాసుకుపోతున్నాను. ఒకరోజు ఆవిడ తలెత్తి, "ఏం ప్రభాకరా, రోజూ వస్తావు, నీళ్ళెన్నని అడుగుతావు, పోతావు. ఎవరికి లేవో ఒక్కరోజన్నా అడిగినావా?" అన్నారు.

"లేవని ఎవరు చెప్తారు మేడమ్?"

"నేను చెప్తా. రేపు పొద్దున్నే రా. బురదలో పోయినా ఏడవని చెప్పులేసుకోని రా."

మరుసటి రోజు జీపులో కాలువ చివరికి తీసుకుపోయారు. పైన లారీ పట్టేంత వెడల్పున్న కాలువ ఊరూరికీ సన్నబడుతూ, చివర్లో ఒక్క దూకుతో దాటేంత పిల్లకాలువైపోతుంది. అక్కడ సరుగుడు తోపులు, వాటి వెనక ఇసుక దిబ్బలు, దిబ్బల వెనక సముద్రపు హోరు. ఆఖరి తూము దగ్గర రమణమ్మ అనే రైతు మాకోసం ఎదురుచూస్తోంది. కౌలుకు చేసుకునే మనిషి. చీరచెంగు బిగించి, నడుం మీద చేతులు పెట్టుకుని, "రాండి మేడమ్మా. మా ఊరికి నీళ్ళు కొత్తల్లుడు మాదిరి వస్తాయి. గడప కాడ నిలబడి, కాఫీ గూడా తాగకుండా ఎల్లిపోతాయి. మీరన్నా కూచోండి" అంది. వసుంధర గారు తూము గట్టు మీద కూర్చున్నారు. రమణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి నాతో అన్నారు. "కాలువను అందరూ పైనుంచి కిందికి లెక్కేస్తారు. పైవాళ్ళు తాగినంత తాగినాక మిగిలింది కిందికి. మంచి ఏడాదిలో ఎట్ల లెక్కేసినా చెల్లిపోతుంది. కరువేడు మాత్రం ఈ గట్టు మీద కూచుని పైకి లెక్కేయాల. ఈడికి చేరేది ఎంత, దారిలో ఇంకేది ఎంత, అప్పుడు పైన ఎంత వదలాల. అంతే ఇంజనీరింగు. మిగతాదంతా నాటకం."

ఆవిడ వేసిన ప్రణాళిక చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఉన్న నీళ్ళు సగం ఆయకట్టుకే చాలతాయి. కాబట్టి పైనుంచి కింది దాకా ప్రతి ఊరూ సగం భూమిలోనే నాటాలి. నీళ్ళు వంతులవారీగా వస్తాయి, మొదటి వంతు చివరి ఊరిది. చివరి పొలం తడిసేదాకా పై తూములన్నిటికీ తాళాలు. ఈ సంగతి చెప్పడానికి ఆవిడ పై ఊళ్ళ పెద్దలను ఆఫీసు హాలుకు పిలవలేదు, ఆఖరి తూము దగ్గరికి పిలిచారు. తెల్ల చొక్కాలు, తెల్ల కార్లు ఇసుకలో దిగబడుతూ వచ్చాయి. వాళ్ళ కోసం ఎవరో కుర్చీలు తెస్తే, "ఎండిన నేల మీద నిలబడి మాట్లాడదాం. తొందరగా అయిపోతుంది" అని వెనక్కి పంపించేశారు. నాకు నవ్వొచ్చింది. వాళ్ళకు రాలేదు.

పై ఊళ్ళ నాయకుణ్ణి అందరూ చైర్మన్ గారనేవాళ్ళు. నీటి సంఘానికి అధ్యక్షుడు. మెత్తగా మాట్లాడే మనిషి. "సగం బీడు పెట్టుకోమంటే మా ఊళ్ళల్లో కొడతారమ్మా" అన్నాడు.

"మీ ఊళ్ళకు నేనే వచ్చి చెప్తా. కొడితే నన్నే కొడతారు."

నిజంగానే ప్రతి ఊరికీ తిరిగారు. నేను కొన్ని ఊళ్ళకు వెంట పోయాను. "ఈ ఏడు సగానికి నీళ్ళు లేవు. నాటొద్దు. నాటితే నేను రక్షించలేను." ముందు ఈ మూడు ముక్కలు, తర్వాతే వంతుల సంగతి. ఎక్కడా మెత్తన చేసి చెప్పలేదు. తిట్టారు. ఒక ఊళ్ళో ముసలాయన జీపు ముందు కండువా విదిలించి, "ఆడదానివి గదాని ఊరుకుంటుండాం" అన్నాడు. ఆవిడ, "ఊరుకోవద్దు పెద్దాయనా, కానీ నాటొద్దు" అన్నారు. చివరికి అన్ని ఊళ్ళూ ఒప్పుకున్నాయి. ఏ సగం నాటాలో ఊరే తేల్చుకోవాలి. చివరి ఊళ్ళో చీటీలు వేసుకున్నారు. నాటిన వాళ్ళు పంట చేతికొచ్చాక, బీడు పెట్టిన వాళ్ళకు తిండిగింజలు కొలవాలి. రమణమ్మకు నాటే చీటీ వచ్చింది, ఆమె తమ్ముడికి బీడు చీటీ. "మా తమ్ముడు నేల ఎండబెట్టుకుండేది నా పైరు తడవాలని మేడమ్మా. రెండిళ్ళ కుండలు ఒక్క మడి మీద పెట్టినాం. నువ్వే సాక్షి" అంది రమణమ్మ. వసుంధర గారు తలూపారు. మాట ఇవ్వడమంటే ఆవిడకు అదే.

తొలి వంతు నీళ్ళు చివరికి వచ్చిన రోజు అక్కడే ఉన్నాను. ముందు నురగ, ఎండుటాకులు, సరుగుడు కాయలు. తర్వాత ఎర్రటి నీళ్ళు, ఎండిన మట్టి నెర్రెల్లోకి బుడబుడమని దిగుతూ. ఊరంతా గట్టు మీదికి వచ్చింది. రమణమ్మ ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి, "అల్లుడొచ్చినాడమే, కోడిని కొయ్యండి!" అని కేకపెట్టింది. వసుంధర గారు నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆవిడ పళ్ళు ఎంత బాగుంటాయో మా ఆఫీసులో ఎవరికి చెప్పినా నమ్మలేదు.

ఆ నవ్వును చెడగొట్టింది వాన కాదు, ఒక సభ. పైరు మోకాటి ఎత్తుకొచ్చాక జిల్లాకు ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు అవసరం లేదు, అలాంటివాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. పూలదండలు వేయించుకుని, మైకు అందుకుని, "ఒక్క ఎకరా కూడా ఎండనివ్వం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నీళ్ళు ఎక్కడివని ఎవరూ అడగలేదు. మర్నాడే పై ఊళ్ళలో బీడు పెట్టిన సగంలో దమ్ము చేసేశారు, ముదురునారు ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కొచ్చి నాటారు. ఆ తర్వాత కాలువ కట్ట మీదికి ఇంజన్లు దిగాయి. తూముకు తాళం వేస్తే పైపుకు తాళమేది? నీటి సలహా సమావేశంలో వసుంధర గారు లేచి, ఈ నీళ్ళతో అది కుదరదని లెక్క చెప్పబోయారు. పెద్దమనిషి నవ్వుతూ, "మేడమ్ గారికి అన్నిట్లోనూ కరువే కనిపిస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. విలేకరుల వరసలో కూడా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ చెవుల్లో గీరుకుంటుంది. లెక్క చెప్పిన మనిషిని నిరాశావాది అన్నారు. గాలిలో నీళ్ళు పంచినవాడు రైతుబిడ్డ అనిపించుకున్నాడు.

చివరి ఊళ్ళో పైరు పొట్ట మీదికొచ్చింది, కంకి ఇంకా లోపలే ఉంది. వరికి అన్నిటికంటే నీళ్ళు కావలసింది అప్పుడే. వంతు ప్రకారం రావలసిన నీళ్ళు రాలేదు. వసుంధర గారు మధ్యాహ్నం పూట నన్ను కూడా తీసుకుని పై రెగ్యులేటరు దగ్గరికి పోయి, పక్క తూములన్నీ తన ఎదుటే మూయించి, గేటు చక్రం పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. ఒళ్ళో నిమ్మకాయన్నం డబ్బా. కట్ట మీద ఇంజన్లు చెవులు పగిలేలా కొట్టుకుంటున్నాయి. ఆవిడ తల చుట్టూ నల్లటి పొగ. ఇంజన్లు ఎత్తించమని రాసిన అర్జీకి ఏ ఆఫీసూ పలకలేదు. కాసేపటికి చైర్మన్ వచ్చాడు.

"ఏమ్మా వసుంధరమ్మా, ఎండలో ఏంది ఇది? నల్లబడిపోతావు."

"నల్లగానే పుట్టినా చైర్మన్ గారూ. ఇంజన్లు ఎత్తేయించండి."

"నాటేసినాం తల్లీ. ఎండబెట్టుకోమంటావా?"

"సగమే నాటతామని ఆఖరి తూము కాడ నిలబడి ఒప్పుకున్నారు. మిగతా సగం ఎవర్నడిగి నాటినారు?"

"మీటింగులో పెద్దాయన చెప్పినాడు గదా. నువ్వు ఆయనకంటే పెద్దదానివా?"

"ఆయన నోట్లోంచి మాటొచ్చింది. నీళ్ళు రాలా."

చైర్మన్ నవ్వాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. తెచ్చుకోవలసిన అవసరం అతనికి లేదు. పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి వసుంధర గారి ఫోను మోగింది. ఆవిడ లేచి నిలబడి విన్నారు. "కాయితం మీద రాసివ్వండి సార్" అన్నారు. మళ్ళీ విన్నారు. "రాసివ్వండి సార్" అన్నారు. మూడోసారి ఆ మాట అనకముందే అవతల పెట్టేసినట్టున్నారు. రాసిచ్చేంత తెలివితక్కువవాళ్ళు కారు వాళ్ళు. తర్వాత పోలీసు జీపు వచ్చింది. గేటు చూసే లస్కరు మస్తాన్ చక్రం పట్టుకుని నిలబడ్డాడు, ఎటు తిప్పాలో తెలియక ఆవిడ మొహంలోకి చూస్తూ. ఆవిడ అన్నం డబ్బాకు మూతపెట్టి, "తిప్పు మస్తాన్. నీ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంటావు" అన్నారు. అతను తిప్పాడు. తిప్పుతూ ఏడ్చాడు. గేటు కిందికి దిగింది, పక్క తూములన్నీ ఒక్కొక్కటిగా తెరిచారు, కిందికి పోయే కాలువ అప్పటికప్పుడే చిక్కిపోయింది.

బదిలీ కబురు నోటిమాటగా త్వరలోనే వచ్చింది. మరొకరైతే ఇంటికి పోయి సామాను సర్దుకునేవారు. ఆవిడ నన్ను పిలిచి, "చివరికి పోయొద్దాం రా" అన్నారు. రమణమ్మ మడిలో పైరు నిలువునా పాలిపోయి ఉంది. ఆమె ఒక మొక్క పీకి, గోటితో పొట్ట చీల్చి ఆవిడ మొహం ముందు పెట్టింది. లోపల తెల్లటి కంకి, దూదిపోగులాగా, ఎండిపోయి. "పొట్టలోనే చచ్చినాయి మేడమ్మా. చూడు, బాగా చూడు. నీ నోట్లో మన్నుబడ! నువ్వు రాకుంటే మేం అసలు నాటుండేవాళ్ళమే కాదు. చెన్నైకి కూలికి పొయ్యుండేవాళ్ళం. నువ్వు సాక్షి అంటే గదా మా తమ్ముడు బీడు పెట్టింది. ఇప్పుడు వాడి పిల్లోళ్ళకు నేనేం కొలవాల, ఈ తాలు కొలవాల్నా?" తమ్ముడు పక్కనే ఉన్నాడు. అతను ఆ కంకిని అందుకుని వేళ్ళతో నలిపి చూశాడు. ఊరు ఊరంతా చేరింది. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. వసుంధర గారు ఫోను గురించి చెప్పలేదు, చైర్మన్ పేరు చెప్పలేదు, పోలీసుల మాట ఎత్తలేదు. చేతులు కట్టుకుని, అందరి తిట్లూ అయిపోయేదాకా నిలబడ్డారు. అయిపోయాక, "నేను ఇవ్వలేకపోయినా. ఎండాకాలం ఎడగారు పంటకు కూడా నీళ్ళుండవు. దున్నొద్దు" అని ఆ సంగతి కూడా చెప్పే వచ్చారు.

జీపులో నేను కోపం ఆపుకోలేక అడిగాను. "మీ తప్పేముంది మేడమ్? అడ్డుకున్న మనిషి మీరొక్కరే. మిమ్మల్నే తిడితే ఎందుకు పడాలి?"

ఆవిడ చెప్పులకంటిన మట్టి దులుపుకున్నారు. తర్వాత అన్నారు. "మంచిమాట చెప్పడానికి మైకు చాలు ప్రభాకరా. చెడ్డమాట చెప్పడానికి మనిషి పోవాల. మనిషి పోయి ఎదురుగా నిలబడితే వాళ్ళు తిడతారు, తిట్టి ఇంటికిపోయి ఏం చెయ్యాల్నో ఆలోచించుకుంటారు. మనిషే పోకపోతే కాలువ వైపు చూస్తా కూచుంటారు. పైరు చచ్చేదాకా చూస్తానే ఉంటారు."

నేను ఆఫీసుకు పోయి అన్నీ రాశాను. ఇంజన్లు, రెగ్యులేటరు, ఫోను, తెరిచిన తూములు. తెల్లారి పేపరు చూస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు. 'వర్షాభావంతో ఎండిన శివారు పైరు.' డెస్కులో అడిగితే, "అంతా వాన లేకే కదయ్యా" అన్నారు. వసుంధర గారు ఫోన్ చేశారు. "వాన వచ్చి కేసు వేయదు గదా, అందుకని దాని మీద పెట్టినారా?" అని పెట్టేశారు. నన్ను తిట్టలేదు, నా పత్రికను తిట్టారు. ఆ తర్వాత నా ఉద్యోగం అంతటా కరువు వార్తల్లో 'వర్షాభావం' అనే మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. వాన ఎగ్గొట్టిన మాట నిజమే. ఉన్న నీళ్ళు ఎటు పోవాలన్నది మాత్రం వాన తేల్చలేదు. ఫలానా తూము తెరిచారు, ఫలానా ఊరు ఎండింది అని రాసేవాణ్ణి. కొన్నిసార్లు అచ్చయ్యేది, చాలాసార్లు కాలేదు.

ఆవిడ మళ్ళీ నీళ్ళున్న ఆఫీసు మొహం చూడలేదు. రిటైరయ్యేదాకా ఎక్కడో కాయితాల సెక్షనులో కూర్చోబెట్టారు. నెల్లూరులోనే స్థిరపడ్డారు. అప్పుడప్పుడు పోయేవాణ్ణి. గేటు చప్పుడవగానే లోపలినుంచి, "ఎవరికి లేవయ్యా ఈ ఏడు?" అని అడిగేవారు. ఆవిడ పోయాక సంతాపసభ పెట్టారు. వేదిక మీద ముఖ్యవక్త ఎవరనుకున్నారు? చైర్మన్. జుట్టు నెరిసింది, గొంతు ఇంకా మెత్తబడింది. "రైతు పక్షాన నిలబడ్డ నిబద్ధత గల అధికారిణి. మా కాలువకు తల్లిలాంటిది" అన్నాడు. ముందు వరసలో కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఎదురుగా ఫోటోలో ఆవిడ పళ్ళు కనిపించకుండా మూతి బిగించి చూస్తున్నారు. బతికుండగా గేటు దగ్గరినుంచి లేపినవాళ్ళే పోయాక దండ వేస్తారు. లేచి నిలబడి, "ఆ రోజు ఫోన్ ఎవరికి చేసినారు చైర్మన్ గారూ?" అని అడిగాను. మైకులో ఏదో గరగరమంది. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు, బయటికి వచ్చేశాను.

మొన్న టీ పారబోసి తిన్నగా చివరి ఊరికే పోయాను. ముందురోజే ఇప్పటి ఇంజనీరును కలిశాను, కుర్రవాడు, మంచివాడే. "చివరికి చేరవు సార్. కానీ నేనెట్ల చెప్పేది? పైనుంచి ప్రకటన వచ్చేసింది" అన్నాడు. రమణమ్మ ఇంటి ముందు ఆమె కోడలు సుజాత నీళ్ళతొట్టి పక్కన విత్తనాల గోతం పెట్టుకుని ఉంది. నానబెట్టి, మొలకెత్తేందుకు మండె కట్టడానికి సిద్ధంగా. రమణమ్మ అరుగు మీద మంచంలో పడుకుని ఉంది, బాగా ముసలిదైపోయింది.

"రాన్నా. ఆటోలో చెప్పినారు, విన్నావా? ఈ ఏడు మనదాకా వస్తాయంట" అంది సుజాత, గోతం మూతి విప్పుతూ.

"రావమ్మా. నానబెట్టొద్దు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏందన్నా, నువ్వేమన్నా ఆఫీసరువా? పైవాళ్ళందరూ నాటుతుంటే మేం మాత్రం చూస్తా కూచోవాల్నా? నీకేం, పేపర్లో రాసుకోని పోతావు. కౌలు మాట్లాడుకున్నాం. మా నోటికాడ కూడు తీసేదానికి వచ్చినావా పొద్దున్నే?" గొంతు లేచింది. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళూ అందుకున్నారు. నాకు కట్ట మీద ఇంజన్ల గురించి, ఆ కుర్ర ఇంజనీరు అన్న మాట గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చేతులు కట్టుకున్నాను. నా చేతులు అట్లా ఎప్పుడు కట్టుకున్నాయో నాకే తెలియదు.

అరుగు మీదినుంచి రమణమ్మ మెల్లగా లేచి కూర్చుంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు, నేను నిలబడ్డ తీరువైపు చాలాసేపు చూసింది.

"తిట్టుమే. బాగా తిట్టు" అంది కోడలితో. "తిట్టేది తిట్టు. వడ్లు మాత్రం నానబెట్టొద్దు."

సుజాత తిడుతూనే గోతం మూతి మళ్ళీ బిగించి కట్టింది. అందరి తిట్లూ అయిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.